కొత్త వయల్ ఎఫ్‌ఎస్‌హెచ్‌కు గొర్రె కణాలు స్పందించడం లేదు: మీ అనుభవాలు తెలియజేయండి

స్వర్ణముఖి (తిరుపతి):
నేను తిరుపతిలో జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. కబేళా నుంచి తెచ్చిన గొర్రె అండాశయాల నుంచి గ్రాన్యులోసా కణాలను (అండం చుట్టూ ఉండేవి) వేరుచేసి, సీరం లేని మీడియంలో పెంచి, రీకాంబినెంట్ (జన్యువును వేరే కణాల్లో పెట్టి తయారుచేసిన) మానవ ఎఫ్‌ఎస్‌హెచ్, అంటే అండాశయాన్ని ప్రేరేపించే హార్మోన్, ఇచ్చిన 48 గంటలకు ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ ఎంత తయారైందో ఎలైజాతో (యాంటీబాడీలతో చేసే పరీక్ష) కొలుస్తాను. మొదటి వయల్‌తో చక్కని ఫలితం వచ్చింది. అది అయిపోయాక, తక్కువ ధరకే ఎక్కువ ప్రోటీన్ వస్తుందని మరొకచోట కొన్న వయల్‌తో నాలుగుసార్లు చేసినా, హార్మోన్ ఇచ్చిన వెల్స్‌కూ (కణాలు పెంచే ప్లేటులోని గుంటలు) ఇవ్వని వెల్స్‌కూ తేడా కనిపించలేదు. ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడు డీప్ ఫ్రీజర్‌లో చెడిపోయిందేమోనని అనుమానిస్తున్నాను.

పలమనేరు పశువైద్యుడు:
ఫ్రీజర్‌ను నిందించే ముందు కణాల సంగతి తేల్చుకోండి. గ్రాన్యులోసా కణాలు ఆండ్రోజెన్‌ను సొంతంగా తయారుచేసుకోలేవు. అండాశయంలో దాన్ని పక్కనే ఉండే థీకా కణాలు అందిస్తే, ఇవి అరోమటేజ్ అనే ఎంజైమ్‌తో ఈస్ట్రడయాల్‌గా మారుస్తాయి. కాబట్టి మీడియంలో ఆండ్రోస్టెన్‌డయోన్ అనే ఆండ్రోజెన్ కలపకపోతే ఎంత మంచి ఎఫ్‌ఎస్‌హెచ్ పోసినా ప్రయోజనం ఉండదు. నేను ఒకసారి అది మరచిపోయి, రెండు వారాలపాటు హార్మోన్‌నే తిట్టుకున్నాను. అలాగే కొన్ని వెల్స్‌లో ఫోర్‌స్కోలిన్ అనే రసాయనం వేసి చూడండి. అది రిసెప్టర్‌తో (కణంపై హార్మోన్ అతుక్కునే ప్రోటీన్) పనిలేకుండా, కణంలో సంకేతాన్ని మోసే సైక్లిక్ ఏఎంపీని నేరుగా పెంచుతుంది గనుక, దానికి స్పందన వచ్చి ఎఫ్‌ఎస్‌హెచ్‌కు రాకపోతే లోపం హార్మోన్‌లోనో రిసెప్టర్‌లోనో ఉన్నట్టు.

మామండూరు:
హార్మోన్‌ను దేనిలో పలుచన చేస్తున్నారు? నానోగ్రాముల స్థాయికి దించిన ప్రోటీన్ ప్లాస్టిక్ గొట్టాల గోడలకు అంటుకుపోతుంది; 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) ఉన్న బఫర్‌లో కలిపితే ఈ నష్టం బాగా తగ్గుతుంది. నేను ఉత్త బఫర్ వాడిన రోజుల్లో, సగం హార్మోన్‌ను గొట్టాలకే తాగిస్తున్నానని మా గురువుగారు ఎగతాళి చేసేవారు. కలిపిన వెంటనే చిన్న చిన్న భాగాలుగా పంచి గడ్డకట్టించండి. ఒకే గొట్టాన్ని పదేపదే కరిగించి మళ్లీ గడ్డకట్టించకండి. అయితే ఇవన్నీ స్పందనను తగ్గించే పొరపాట్లే. మీరు చెప్పినట్టు పూర్తిగా లేకుండా చేయడం మాత్రం నాకు వింతగా ఉంది.

స్వర్ణముఖి (తిరుపతి):
ఆండ్రోస్టెన్‌డయోన్ మొదటినుంచీ వేస్తున్నాను, బీఎస్‌ఏ కూడా ఉంది. ఫోర్‌స్కోలిన్ నిన్ననే ప్రయత్నించాను. ఈస్ట్రడయాల్ స్పష్టంగా పెరిగింది. మొదటి వయల్‌తో స్పందించిన కణాలు కూడా ఇలాంటివే కాబట్టి రిసెప్టర్‌ను అనుమానించలేను.

అలిపిరి మెట్టు:
స్వర్ణముఖి గారూ, కొత్త వయల్ డేటాషీట్‌లో రెండు విషయాలు చూడండి: ఆ ప్రోటీన్‌ను ఏ కణాల్లో తయారుచేశారు, అందులో ఏ గొలుసు ఉంది. ఎఫ్‌ఎస్‌హెచ్ ఒకే గొలుసు కాదు. 92 అమైనో ఆమ్లాల ఆల్ఫా, 111 అమైనో ఆమ్లాల బీటా జతకూడితేనే అది హార్మోన్ అవుతుంది. ఆల్ఫా గొలుసు ఎల్‌హెచ్, టీఎస్‌హెచ్, హెచ్‌సీజీ అనే ఇతర హార్మోన్లకు కూడా ఉమ్మడిదే. ఎఫ్‌ఎస్‌హెచ్‌కు ప్రత్యేకతనిచ్చేది బీటా, కానీ అది ఒంటరిగా రిసెప్టర్‌ను మేల్కొల్పలేదు. పైగా ఒక్కో గొలుసుపై రెండేసి చోట్ల చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. ఈ.కోలి బ్యాక్టీరియా మామూలుగా వాటిని అతికించలేదు, బీటాలోని ఆరు డైసల్ఫైడ్ బంధాలను సరిగా కుదర్చడం కూడా దానికి కష్టమే. అందుకే వైద్యానికి వాడే రీకాంబినెంట్ ఎఫ్‌ఎస్‌హెచ్‌ను ఎక్కువగా చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లో, అంటే సీహెచ్‌ఓ కణాల్లో తయారుచేస్తారు.

స్వర్ణముఖి (తిరుపతి):
చూశాను, సిగ్గుగా ఉంది. పేరు పక్కన చిన్న అక్షరాల్లో "బీటా సబ్‌యూనిట్" అనీ, తయారీ ఈ.కోలిలో అనీ రాసి ఉంది. మైక్రోగ్రాములు ఉన్నాయే తప్ప అంతర్జాతీయ యూనిట్ల ఊసే లేదు.

మామండూరు:
సిగ్గెందుకండీ, కేటలాగ్‌లో పెద్ద అక్షరాల పేరు చూసి కొనేవాళ్లమే మనమందరమూ. ఎఫ్‌ఎస్‌హెచ్ యూనిట్‌కు ఆధారం 1953లో స్టీల్‌మన్, పోలీ ప్రకటించిన పద్ధతి. హెచ్‌సీజీతో పాటు ఎఫ్‌ఎస్‌హెచ్ ఇచ్చిన ఎలుకల అండాశయాల బరువు ఎంత పెరిగిందో తూచి బలాన్ని లెక్కగట్టేవారు. యూనిట్ చెప్పేది చేసే పనిని, గ్రాము చెప్పేది బరువును. నేనైతే యూనిట్లు రాయని వయల్‌ను కణాల ప్రయోగానికి కొనను.

పలమనేరు పశువైద్యుడు:
సంతాన సాఫల్య చికిత్సకు వాడే ఇంజెక్షన్‌నే తెచ్చి వాడవచ్చా అని అడుగుతారేమో, ముందే చెబుతున్నాను. అది అసలైన జంట గొలుసుల హార్మోనే, కాని పలుమార్లు వాడే పెన్నుల్లో మెటా-క్రెసాల్ వంటి ప్రిజర్వేటివ్‌లు ఉంటాయి. ఆ ప్రిజర్వేటివ్‌లను మాత్రమే అంతే మోతాదులో వేసిన వెల్స్ పక్కన లేకపోతే ఫలితాన్ని నమ్మలేము.

స్వర్ణముఖి (తిరుపతి):
అందరికీ ధన్యవాదాలు. బీటా వయల్‌ను పారేయకుండా, వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్‌ను యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) యాంటీబాడీని పరీక్షించడానికి ఉంచుకుంటున్నాను. సీహెచ్‌ఓ కణాల్లో తయారైన, యూనిట్లు రాసి ఉన్న వయల్‌కు ఆర్డర్ పెట్టాను. చెన్నై నుంచి రావాలి. ఆదివారం కొరియర్ ఆఫీసులో ఐస్ కరిగిపోకుండా, శుక్రవారం పంపవద్దని, సోమవారమే బయలుదేరదీయమని రాశాను.