షుగర్ ఉన్నవాళ్లకి పండగ స్వీట్లు: పంచదార, బెల్లం రెండూ మానేసి ఎవరెవరు ఏం చేస్తున్నారు?

కాకినాడ_కోడలు
అందరికీ నమస్తే. మా అత్తగారికి షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. మందులు వేళకి వేసుకుంటారు, నడక మానరు, అన్నం బాగా తగ్గించారు. ఒక్క తీపి దగ్గరే ఆగలేరు. సంక్రాంతికి ఇంటినిండా జనం, పిల్లలు చేతుల్లో బూరెలు పట్టుకుని తిరుగుతుంటే ఆవిడ ఊరికే కూర్చోవడం చూడలేం. చాటుగా రెండు తింటే మర్నాడు పొద్దున్న మీటర్ చెప్పేస్తుంది.

మొన్న స్టీవియా (ఒక మొక్క ఆకు నుంచి తీసే తీపి) చుక్కలు తెప్పించి సేమ్యా పాయసం చేశాను. మొదటి చెంచాకి బాగుందన్నారు, రెండో చెంచాకి మొహం చిట్లించారు. నాలుక మీద చేదు అలా ఉండిపోయిందట. ఏ వంటకి ఏ తీపి పనికొస్తోందో, మన పండగ పిండివంటల్లో వేటి జోలికి పోకూడదో చేసి చూసినవాళ్లు చెప్పండి. దయచేసి "బెల్లం వాడండి" అని మాత్రం అనకండి.

ఉప్పూకారం
సరే, బెల్లం అనను. తాటిబెల్లం? మా వీధిలో షుగర్ ఉన్నవాళ్లందరూ అదే వాడుతున్నారు. తేనె, ఖర్జూరం కూడా నేచురలే కదా.

మందుల_షాపోడు
ఉప్పూకారం గారూ, షాపుకొచ్చి ఇదే మాట చెప్పేవాళ్లు రోజూ ఉంటారు. చెరకు బెల్లమైనా తాటిబెల్లమైనా అందులో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉండేదే. కాస్త ఐరన్, కొన్ని ఖనిజాలు అదనంగా ఉంటాయి. వాటి కోసం బెల్లం తినాలంటే మీటర్ ఊరుకోదు. తేనెలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్. ఎండు ఖర్జూరం బరువులో సగానికి పైగా చక్కెరే. పీచు ఉంటుంది కాబట్టి ఒకటో రెండో తింటే పంచదార కంటే నయం. ఇరవై ఖర్జూరాలు రుబ్బి లడ్డూ చుట్టి "షుగర్ ఫ్రీ" అని పేరు పెడితే మాత్రం ఒప్పుకోను. ఖర్జూరంతో చేసిన పూతరేకులకీ ఇదే లెక్క.

ఓరుగల్లు_పిల్ల
ఫాలో అవుతున్న. మా నాయనకు గూడ ఇదే కథ.

వంటింటి_వ్యాపారం
రాజమండ్రిలో ఇంటి నుంచే పిండివంటల ఆర్డర్లు తీసుకుంటాను. ఈమధ్య షుగర్ లేనివి అడిగేవాళ్లు బాగా పెరిగారు. నాకు తెలిసింది చెప్తాను, కాస్త పెద్దదే.

ముందు తీపి సంగతి వదిలెయ్యండి. పంచదార వంటలో తీపొక్కటే ఇవ్వదు. పాకమై పిండిని పట్టి ఉంచుతుంది, పరిమాణం ఇస్తుంది, ఎర్రటి రంగు తెస్తుంది, నిలవ ఉంచుతుంది. స్టీవియా పంచదార కంటే 200 నుంచి 300 రెట్లు, సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి 600 రెట్లు తీపి. కప్పు పంచదార తీసేసి చిటికెడు పొడి వేస్తే తీపి సరిపోతుంది, ఆ కప్పు ఖాళీ ఎవరు పూడుస్తారు? అందుకే అరిసెలు నేను ఒప్పుకోను. పాకం లేనిదే అరిసె లేదు. కాజాలూ, జిలేబీలూ అంతే, పాకం పీల్చుకోవడమే వాటి పని. ఎవరైనా షుగర్‌లెస్ కాజా అమ్ముతుంటే లోపల ఏం పోశారో అడగండి.

పాలతో చేసేవి తేలిక. పాయసం, జున్ను, కోవా, బాసుంది. వీటిలో తీపి ఒక పూతలాంటిది, నిర్మాణం పాలది. మీ సేమ్యా పాయసం చేదెక్కిందంటే చుక్కలు ఎక్కువైనట్టే. స్టీవియా ఒక హద్దు దాటితే తీపి పెరగదు, చేదే పెరుగుతుంది. మామూలుగా వేసే తీపిలో సగానికి స్టీవియా, మిగతా సగానికి ఎరిత్రిటాల్ (పంచదార పలుకుల్లా ఉండే ఒక తీపి పొడి) వేసి చూడండి. చిటికెడు ఉప్పు, యాలకులు కాస్త ఎక్కువ, వీలైతే పచ్చకర్పూరం ఆవగింజంత. చేదు చాలా వరకు కప్పుకుపోతుంది. దించి, గోరువెచ్చగా అయ్యాక రుచి చూసి కలపండి. వేడి మీద తీపి అంచనా తప్పుతుంది. పాలలో బెల్లం వేసేటప్పుడు విరుగుతాయేమోనన్న భయం ఇక్కడ లేదు, అదొక్కటే లాభం.

సున్నుండలు మాత్రం తీరిగ్గా చెప్పాలి, మా దగ్గర ఎక్కువ పోయేవి అవే. మినుములు పొట్టుతోనే సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పిండి పట్టించాలి. రెండు కప్పుల పిండికి కప్పు ఎరిత్రిటాల్. దాన్ని విడిగా మిక్సీలో వేసి, మూత తియ్యగానే పొగలా లేచేంత మెత్తగా కొట్టాలి. పలుకు మిగిలిందా, పళ్ల కింద ఇసుక తగులుతుంది. ఇది నెయ్యిలో కరగదు. తీపి పంచదారలో 60-70 శాతమే కాబట్టి కొసరుకి కాస్త స్టీవియా పొడి. తగ్గిన పరిమాణానికి అరకప్పు బాదం పొడి గానీ ఎండుకొబ్బరి పొడి గానీ. నెయ్యి కరిగించి వేడిగా పోసుకుంటూ చుట్టాలి. ఒక్కటి గుర్తుంచుకోండి: ఎరిత్రిటాల్ నోట్లో కరిగేటప్పుడు పిప్పరమెంటు వేసుకున్నట్టు చల్లగా తగులుతుంది. సున్నుండలో నెయ్యి, మినుముల కమ్మదనం దాన్ని దాచేస్తాయి. కొబ్బరి లౌజులో దాచలేవు.

బూరెల్లో పూర్ణం అవుతుంది. బెల్లం పడితే శనగపప్పు కరిగి మళ్లీ దగ్గరపడుతుంది, ఇందులో అలా జరగదు, పొడిపొడిగా ఉండిపోతుంది. పప్పు కాస్త మెత్తగా ఉడికించి, నీళ్లు పూర్తిగా వార్చి రుబ్బి, నెయ్యిలో వేయించి, కొబ్బరి కోరు కలిపి, గోరువెచ్చగా ఉండగానే ఉండలు చుట్టెయ్యాలి. చల్లారాక చుడదామంటే విరుగుతాయి.

సీమ_రుచులు
మాది అనంతపురం. పెరట్లో స్టీవియా మొక్క కుండీలో ఉంది, మధుపత్రి అంటారు కొందరు. ఆకు ఎండబెట్టి పొడి చేసి టీలో వేస్తాం, బాగుంటుంది. పాయసంలో వేస్తే పచ్చగా అయిపోయి పసరు వాసన కొడుతుంది. ఓళిగల పూర్ణంలో వేద్దామంటే మా అమ్మ పొయ్యి దగ్గరకే రానివ్వలేదు.

మందుల_షాపోడు
టీ వరకు ఆపెయ్యడమే మంచిది. అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది శుద్ధి చేసిన స్టీవియోల్ గ్లైకోసైడ్లని, అంటే ఆకులోంచి వేరుచేసిన తీపి పదార్థాలని, పచ్చి ఆకుని కాదు. మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా 2015లో స్టీవియోల్ గ్లైకోసైడ్లకే అనుమతిచ్చింది.

స్టీవియా పొడి కొనేవాళ్లు డబ్బా వెనక చదవండి. "ఒక చెంచా పంచదారకి ఒక చెంచా" అని రాసి ఉంటే అందులో నిజమైన స్టీవియా ఇసుమంతే, మిగతాదంతా నింపుడు. ఆ నింపుడు ఎరిత్రిటాల్ అయితే ఫరవాలేదు. మాల్టోడెక్స్‌ట్రిన్ గానీ డెక్స్‌ట్రోజ్ గానీ అయితే రక్తంలో గ్లూకోజ్‌ని పెంచుతాయి. టీలో చెంచాడు పెద్ద లెక్కలోకి రాకపోవచ్చు, హల్వాలో కప్పు పోస్తే వస్తుంది.

ఓరుగల్లు_పిల్ల
నాది వేరే బాధ. దసరాకు ఒక పెద్ద స్వీట్ హౌస్ నుంచి షుగర్ ఫ్రీ బర్ఫీ డబ్బా తెచ్చినం. నాయన మస్తు ఖుషీ అయిండు, ఎట్లాగూ షుగర్ లేదు గదా అని సగం డబ్బా ఒక్క పూటల తిన్నడు. రాత్రంత కడుపు ఉబ్బరం, తెల్లారేదాంక బాత్రూం. ఫుడ్ పాయిజన్ అనుకొని భయపడ్డం. మిగిలినోళ్లం ఒక్కో ముక్క తిన్నం, మాకేం గాలే. ఎందుకట్ల?

మందుల_షాపోడు
అమ్మా, డబ్బా ఉంటే మాల్టిటాల్ లేదా సార్బిటాల్ అని రాసి ఉందేమో చూడు. షుగర్ ఫ్రీ స్వీట్లలో వేసే ఈ తీపి పదార్థాలు పేగుల్లో పూర్తిగా అరగవు. మిగిలింది నీళ్లని లాక్కుంటుంది, బాక్టీరియా పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ఒక ముక్కకి ఏం కాదు, సగం డబ్బాకి నువ్వు చెప్పిందే జరుగుతుంది. విరేచనాలు కావచ్చని లేబుల్ మీద చిన్నక్షరాల్లో ఉంటుంది, ఎవరు చదువుతారు! ఇంకో మాట, మాల్టిటాల్ గ్రాముకి సుమారు 2 క్యాలరీలు, గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో షుగర్ ఎంత పెరుగుతుందో చెప్పే లెక్క) 35 దాకా. పంచదార కంటే తక్కువే గానీ సున్నా కాదు. ఎరిత్రిటాల్ చాలా వరకు చిన్నపేగులోనే రక్తంలోకి వెళ్లి మూత్రంలో పోతుంది, అందుకే కడుపు మీద కాస్త దయగా ఉంటుంది.

డాలస్_డబ్బా
అమెరికాలో ఉన్నవాళ్లకి: అల్యులోజ్ అనే తీపి పొడి దొరుకుతుంది, వాడి చూడండి. పంచదారలో 70 శాతం తీపి, చేదు లేదు, చల్లదనం లేదు. కరుగుతుంది, పాకంలా సాగుతుంది, పంచదార కంటే తొందరగా ఎర్రబడుతుంది కూడా. కేక్‌కి ఓవెన్ వేడి కాస్త తగ్గించాలి, లేకపోతే లోపల ఉడికే లోపే పైన మాడుతుంది. గులాబ్ జామున్ పాకం నేను దీంతోనే పెడతాను. ఎరిత్రిటాల్‌తో పెడితే వేడిగా ఉన్నంతసేపే పాకం, ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే గిన్నె అడుగున స్ఫటికాలు కట్టేస్తుంది. అల్యులోజ్‌తో ఆ గొడవ లేదు. ధర మాత్రం బాగా ఎక్కువ.

కుక్క ఉన్న ఇళ్లవాళ్లు జైలిటాల్ అనే తీపిని ఇంట్లోకి రానివ్వకండి. మన సంగతి ఎలా ఉన్నా కుక్కకి కొంచెమైనా ప్రాణం మీదికి వస్తుంది.

పాతకాలం_మనిషి
ఇవన్నీ కెమికల్సే. డైట్ కూల్ డ్రింకుల్లో వేసే అస్పర్టేమ్‌తో క్యాన్సర్ అని పేపర్లో వచ్చింది. ఎరిత్రిటాల్‌తో గుండెపోటు అని ఇంకో రోజు వచ్చింది. మా నాన్న 80 ఏళ్లు బతికారు, రోజూ బెల్లం ముక్క తినేవారు. ఉన్న స్వీట్ అరముక్క తింటే పోదా?

మందుల_షాపోడు
మీ చివరి వాక్యంతో నాకు పేచీ లేదు. భోజనం అయ్యాక అర బూరె తిని, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించుకోగలిగే మనిషైతే ఈ పొడులేవీ అక్కర్లేదు. అరముక్క దగ్గర ఆగలేని వాళ్ల గురించే ఈ చర్చ.

పేపర్ వార్తల సంగతి. 2023 జులైలో డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ విభాగం అస్పర్టేమ్‌ని 2బి జాబితాలో పెట్టింది, అంటే క్యాన్సర్ తేవొచ్చు గానీ ఆధారాలు పరిమితం. అదే సమయంలో ఎంత తినొచ్చో లెక్కచూసే నిపుణుల కమిటీ పాత హద్దునే ఉంచింది, కిలో బరువుకి రోజుకి 40 మిల్లీగ్రాములు. వంటకి అదెలాగూ పనికిరాదు, పొయ్యి మీద ఎక్కువసేపు ఉంటే విడిపోయి తీపి పోతుంది. ఎరిత్రిటాల్ మీద 2023లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం, రక్తంలో అది ఎక్కువున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనబడ్డాయంది. మన ఒంట్లోనూ కొంత ఎరిత్రిటాల్ తయారవుతుంది కాబట్టి కారణం అదేనని తేల్చలేదు. అయినా గుండె జబ్బు ఉన్నవాళ్లకి నేను రోజూ వాడమని చెప్పను. పండక్కి రెండు సున్నుండలు వేరు, రోజూ కప్పులకొద్దీ వేరు.

సుక్రలోజ్ హద్దు ఎఫ్‌డీఏ లెక్కన కిలోకి 5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకి సుమారు 23 సాచెట్లు. అంత ఎవరూ వాడరు. 120 డిగ్రీలు దాటి వేడిచేస్తే మాత్రం హానికర పదార్థాలు పుట్టొచ్చని జర్మనీ సంస్థ బీఎఫ్ఆర్ 2019లో హెచ్చరించింది. అందుకే బేకింగ్‌కి, వేపుడుకి వద్దు. పాయసం దించాక కలుపుకోండి.

అందరూ మర్చిపోయే విషయం: సేమ్యా, రవ్వ, బియ్యం, మైదా గ్లూకోజే అవుతాయి. పంచదార లేని రవ్వకేసరి గిన్నెడు తింటే షుగర్ పెరగకుండా ఎలా ఉంటుంది? కొర్రలతో చేసిన పరమాన్నం కూడా పిండిపదార్థమే, కొలత చూసుకునే తినాలి.

ఇంకా ముఖ్యమైనది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకి ఒక్కోసారి షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. ఆ టైంలో ఈ స్వీట్లు ఎన్ని పెట్టినా షుగర్ త్వరగా పైకి రాదు. మూడు చెంచాల అసలు పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి. ఇంట్లోంచి పంచదార డబ్బా పూర్తిగా తీసెయ్యకండి.

ఉప్పూకారం
ఆఖరి పేరా స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశా. తాటిబెల్లం వాదన వెనక్కి తీసుకుంటున్నా.

కాకినాడ_కోడలు
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. సేమ్యా మానేసి సొరకాయ హల్వా చేద్దామనుకుంటున్నాను, పిండి లేని స్వీట్ కదా. వంటింటి వ్యాపారం గారూ, కొలతలు చెప్తారా?

వంటింటి_వ్యాపారం
లేత సొరకాయ, గింజలున్న మధ్య భాగం తీసేసి తురమండి. గట్టిగా పిండి నీళ్లు తియ్యాలి, ఆ నీళ్లు పప్పులో పోసుకోండి. రెండు కప్పుల తురుముకి రెండు చెంచాల నెయ్యి, పచ్చివాసన పోయేదాకా వేయించి రెండు కప్పుల చిక్కటి పాలు పోసి ఇగరనివ్వాలి.

ఇక్కడే అందరికీ తేడా వస్తుంది. మామూలు హల్వాలో పంచదార వెయ్యగానే మళ్లీ పల్చబడి, తర్వాత దగ్గరపడుతుంది. స్టీవియా వేస్తే అలా పల్చబడదు. కాబట్టి పాలు పూర్తిగా ఇంకిపోయి అడుగంటేదాకా ఉంచకండి, కాస్త జారుగా ఉండగానే పావు కప్పు పచ్చికోవా కలిపి దించెయ్యండి. తియ్యటి కోవా తెచ్చారంటే కథ మొదటికొస్తుంది, షాపులో అడిగి చప్పటిదే తీసుకోండి. చల్లారాక నాలుగు చెంచాల ఎరిత్రిటాల్ పొడి, రెండు మూడు చుక్కల స్టీవియా, యాలకులు. పాలల్లో, కోవాలో ఉండే చక్కెర ఎలాగూ ఉంటుంది, అత్తగారికి చిన్న గిన్నెలోనే పెట్టండి.

కాకినాడ_కోడలు
మా ఆడపడుచు బెంగళూరులో ఉంది, వాళ్లాయనకీ షుగరే. కొరియర్‌లో పంపితే ఆగుతుందా?

వంటింటి_వ్యాపారం
హల్వా వద్దు. మామూలు హల్వా నాలుగు రోజులు బయట ఆగేది పంచదార వల్ల. ఇది చేసిన పూటే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. బెంగళూరుకి సున్నుండలు పంపండి, అందులో తడి లేదు. డబ్బా మీద "ఎరిత్రిటాల్, స్టీవియాతో చేసినవి" అని రాసి అతికించండి, రోజుకి ఒకటని కూడా రాయండి.