సంగం కాలం తమిళ స్త్రీలకు నిజంగా స్వర్ణయుగమేనా?

హోసూరు తెలుగమ్మాయి:
ఆఫీసులో తమిళ ఫ్రెండ్స్ ఎప్పుడూ ఒకటే మాట చెప్తారు. సంగం రోజుల్లో, అంటే సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి పాత తమిళ కవిత్వ కాలంలో, ఆడవాళ్ళు స్వేచ్ఛగా బతికారు, ఉత్తరాది శాస్త్రాలు వచ్చాకే అణచివేత మొదలైంది అని. ఎంతవరకు నిజం? చదివినవాళ్ళు చెప్పండి.

పాత పుస్తకాల పిచ్చి:
చాలావరకు నిజమేనండీ. సంగం కవుల్లో పాతికమందికి పైగా స్త్రీలున్నారు. ఔవైయార్ అనే కవయిత్రి అయితే అదియమాన్ అనే రాజు తరఫున ఇంకో రాజు తొండైమాన్ దగ్గరికి రాయబారానికే వెళ్ళింది. అక్కడి ఆయుధశాల చూసి, మీ ఆయుధాలు నెయ్యి పూసుకుని, దండలూ నెమలి ఈకలూ పెట్టుకుని మెరుస్తున్నాయి, మా రాజువి మాత్రం శత్రువుల్ని పొడిచి మొనలు విరిగి కమ్మరి కొట్టంలో పడున్నాయి అంది. ఎదుటి రాజు కోటలో నిలబడి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! ఇక వెళ్ళివీథియార్ అనే కవయిత్రి పాటలో నాయిక, దూడ తాగక, కుండలోకీ పితక్క నేలపాలైన ఆవుపాలలా నా అందం నాకూ కాకుండా, నావాడికీ కాకుండా పోతోందంటుంది. దాపరికమే లేదు.

నెల్లూరు అక్క:
తమ్ముడూ, నువ్వు చెప్పిన ఔవైయార్ పాట ఉన్న సంగం సంకలనం పుఱనానూఱులోనే 246వ పాట కూడా చదువు. భూతపాండ్యుడు అనే పాండ్య రాజు చనిపోతే ఆయన రాణి పెరుంగోప్పెండు చితి ఎక్కబోతూ పాడింది. విధవగా బతికితే ఏముంటుందో తనే చెప్పింది: చేత్తో పిండిన అన్నం ముద్ద, నువ్వుల ముద్ద, చింతపండుతో ఉడికించిన ఆకు, నెయ్యి చుక్క ఉండదు, చాప లేకుండా రాళ్ళ మీద పడుకోవాలి. ఆ బతుకు నాకొద్దు, నా వరకు మంటా తామర కొలనూ ఒకటే అంది. రాణి గతే అది, ఇక మామూలు ఇళ్ళలో ఎలా ఉండేదో! దీన్ని స్వర్ణయుగం అనడానికి నాకు నోరు రాదు.

పాత పుస్తకాల పిచ్చి:
కానీ అక్కా, అక్కడి పెద్దలు ఆమెని వద్దని ఆపారు కదా. చావమని ఎవరూ నెట్టలేదు.

నెల్లూరు అక్క:
ఆపారు, నిజమే. మంటలోకి దిగొద్దన్నారు, అంతే, నీకు రాళ్ళ పడక అక్కర్లేదు, నెయ్యి వేసుకుని తిను అని ఒక్కరైనా అన్నట్టు ఆ పాటలో లేదు. నా బాధంతా అదే. కవయిత్రులున్నారని గొప్పగా చెప్పుకుంటాం కానీ వాళ్ళు ఏం చెప్పారో వినం.

హోసూరు తెలుగమ్మాయి:
అక్కా, ఇది చదివితే మా ఇల్లే గుర్తొచ్చింది. సంగం తర్వాత కొన్ని శతాబ్దాలకి వచ్చిన ఆండాళ్‌ది కూడా ఇదే కథ. ధనుర్మాసంలో తిరుప్పావై 30 పాశురాలూ చదువుతాం, పెళ్ళిళ్ళలో ఆండాళ్ తన పెళ్ళి కల గురించి పాడిన వారణమాయిరం పాడిస్తాం. అది ఆండాళ్ రాసిన ఇంకో కృతి నాచ్చియార్ తిరుమొళిలోదే, అందులో మొత్తం 143 పాశురాలున్నాయి. స్వామి నన్ను పట్టించుకోకపోతే ఈ స్తనాలు పెకిలించి ఆయన గుండెల మీదే విసిరి నా మంట చల్లార్చుకుంటా అన్న పాశురం కూడా ఆండాళ్ రాసిందే, అదీ అందులోనే ఉంది. అది మాత్రం మా ఇంట్లో నేను ఒక్కసారి కూడా వినలేదు. మీ ఇళ్ళలో ఎవరైనా చదువుతారా?