నాపరాయికీ గుహల్లోని రాతి ఊడలకూ సంబంధం ఉందా?

ప్రశ్న (తాడిపత్రి నుంచి):
గత ఆదివారం కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు చూసి వచ్చాను. కోటిలింగాల గదిలో శివలింగాల్లాంటి రాళ్లనూ, ఊడలమర్రి దగ్గర పైకప్పు నుంచి దిగిన రాతి ఊడలనూ చూసినప్పటి నుంచి, మా ఇంటి అరుగుకు పరిచిన నాపరాయికీ వీటికీ ఏమైనా చుట్టరికం ఉందా అనే సందేహం వదలడం లేదు. గుహల సంచారాన్ని అభిరుచిగా చేసుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు తెలుపగలరు.

జవాబు (బేతంచెర్ల నుంచి):
చుట్టరికం ఉంది, రెండింటికీ మూలం సున్నపురాయే. వాన నీరు గాలిలోనూ, అంతకన్నా ఎక్కువగా మట్టిలోనూ ఉండే కార్బన్ డయాక్సైడును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారి, పగుళ్ల వెంట దిగుతూ సున్నపురాయిని కరిగిస్తుంది. బెలుంలోని పొడవాటి సొరంగాలను తొలిచినది భూగర్భంలో పారిన అలాంటి నీరే. గుహ పైకప్పున చుక్కగా నిలిచిన నీరు ఆ వాయువును గాలిలోకి వదిలినప్పుడు, కరిగిన సున్నాన్ని ఇక పట్టి ఉంచలేక, చుక్క అంచున కాల్సైటును (సున్నపురాయిలోని ఖనిజాన్ని) సన్నని ఉంగరంలా విడిచిపెడుతుంది. ఉంగరం కింద ఉంగరం చేరి మొదట బోలు గొట్టం ఏర్పడుతుంది. అది కొబ్బరి బోండాంలో వేసే స్ట్రా అంత సన్నగా ఉంటుంది. లోపలి దారి పూడుకున్నాక నీరు బయటి నుంచి జారుతుంది కనుక ఊడ లావెక్కుతుంది. చుక్క పడిన చోట కింద మరొకటి లేస్తుంది, రెండూ కలిస్తే స్తంభం అవుతుంది.

జవాబు (కర్నూలు నుంచి):
దయచేసి దేనినీ ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటిన చోట కాల్సైటు సరిగా పేరుకోదు. బెలుంలోనే ఉన్న సప్తస్వరాల గుహలో రాళ్లను తట్టి వాటి ధ్వని వినడం ఆనవాయితీ అయింది గాని, నాకు ఆ పని నచ్చదు.

జవాబు (ప్రొద్దుటూరు నుంచి):
కొత్త గుహలు వెతకడం కంటే బెలుంకే మళ్లీ వెళ్లండి. 1884లో బ్రిటిష్ భూవిజ్ఞాన శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ప్రస్తావించిన ఈ గుహలను దాదాపు వందేళ్ల తర్వాత, 1982-83లో, గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం వివరంగా పరిశీలించింది. మొత్తం 3,229 మీటర్లలో సందర్శకులకు తెరిచినది సుమారు కిలోమీటరున్నర మాత్రమే. తెరవని గుహలలోకి అనుమతి లేకుండా, ఒంటరిగా, వానాకాలంలో వెళ్లవద్దు. మనిషికి మూడు దీపాలు ఉండాలి. ఒక్క టార్చితో ఒక చిన్న గుహలోకి దూరి, అది ఆరిపోయాక, గోడ తడుముకుంటూ పది అడుగుల దూరానికి అరగంట తీసుకున్నవాడిని నేను.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. ఈసారి గుహ లోపలి నీటి పాయ పాతాళగంగ దాకా నెమ్మదిగా నడిచి, ఆ బోలు గొట్టాలు ఎక్కడైనా కనిపిస్తాయేమో చూస్తాను.