9 లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీ, అమ్మేయాలా ఉంచుకోవాలా?

అన్నలూ, మాది 2012 మోడల్ పది టైర్ల లారీ, గుంటూరు యార్డు నుంచి మిర్చి లోడ్లే ఎక్కువ, మీటరు 9 లక్షలు దాటింది. ఈమధ్య నీలంగా పొగ వస్తోంది, వారానికి రెండు లీటర్ల ఇంజనాయిల్ తాగేస్తోంది. ఆటోనగర్ మేస్త్రీ ఇంజిన్ దించాలి లక్షన్నర అవుద్ది అంటున్నాడు, బ్రోకరేమో 5 లక్షలకి అడుగుతున్నాడు. ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయింది. నాన్న అమ్మొద్దంటున్నారు, ఆ బండి మీదే చెల్లి పెళ్లి చేశాం మరి.

జవాబు 1: ఆగు తమ్ముడూ, ఒక్క మేస్త్రీ మాట మీద ఇంజిన్ దించకు. బండి వేడెక్కాక ఇంజిన్ ఆన్‌లో ఉండగానే ఆయిల్ పోసే మూత తీసి చూడు, అక్కడ్నుంచి పొగ గుప్పుగుప్పున తన్నుతుంటే ఇంజిన్ లోపల పిస్టన్ రింగులు, లైనర్లు అరిగినట్టు. లేదంటే టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం) సీలు మీద అనుమానం, దానికి అంత ఖర్చుండదు.

జవాబు 2: నేనైతే ఇంజిన్ కన్నా ముందు చాసిస్, అదే బండి కింది ఫ్రేము, చూస్తా. వెనక స్ప్రింగు బ్రాకెట్ల దగ్గర వెల్డింగు మీద వెల్డింగు ఉంటే మాత్రం వదిలించుకో, ఎలాగూ 8 ఏళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కదా. అమ్మితే మటుకు పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టేసి ఊరుకోవద్దు, నా పాత బండి కొన్నోడు పేరు మార్చుకోక ఏడు నెలలు చలానాలన్నీ నా ఫోనుకే వచ్చాయి.

అడిగినవాడినే: మూత తీసి చూశా అన్నా, పొగ లేదు. టర్బో పైపులో వేలు పెడితే మాత్రం నల్లగా జిడ్డు. రేపు టర్బో విప్పిస్తున్నా, బ్రోకర్ ఫోన్ ఎత్తట్లేదు ప్రస్తుతానికి.