ఇంట్లో చెక్కపని షెడ్డు: డస్ట్ కలెక్టర్‌కి 110 ఎంఎం పైపా, 160 ఎంఎం పైపా?

కొత్తచిత్రిక: మేడ మీద రేకుల షెడ్డు. టేబుల్ సా, బ్యాండ్ సా (రెండూ కోత మెషీన్లు), ప్లేనర్ (చిత్రిక పట్టేది), పొట్టు లాగేసే 2 హెచ్‌పీ డస్ట్ కలెక్టర్ ఉన్నాయి. ఒకే గొట్టాన్ని మెషీన్ మెషీన్‌కీ మార్చుకుంటూ నెట్టుకొస్తున్నా, విసుగొచ్చేసింది. గోడ వెంట పీవీసీ లైను వేద్దామనుకుంటే ప్లంబర్ "160 వేసేయండి సార్, పెద్దదైతే నష్టమేముంది" అంటున్నాడు. నిజమేనా?

పొట్టురాజు: నష్టం ఉంది బ్రో. పొట్టు పైపులో ఆగకుండా పోవాలంటే గాలి నిమిషానికి దాదాపు 4,000 అడుగుల వేగంతో కదలాలి. ఆ వేగానికి 4 అంగుళాల పైపులో (అంటే దాదాపు నీ 110) 350 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి), 6 అంగుళాల దాంట్లో (160) 785 దాకా వెళ్తుంది. 160 మెయిన్ వేసి 4 అంగుళాల గేటు (మెషీన్ దగ్గర గాలిని తెరిచి మూసే పలక) ఒక్కటే తెరిచావనుకో, మెయిన్‌లో వేగం సగానికి పైగా పడిపోయి ప్లేనర్ పొట్టంతా అడ్డం పైపులోనే పేరుకుంటుంది. 160 వేస్తే రెండు గేట్లు తెరిచి పెట్టు. కలెక్టర్ డబ్బా మీద రాసిన సీఎఫ్ఎం చూసి మురిసిపోకు, అది పైపులేవీ తగిలించకుండా కొలిచిన లెక్క.

గోదారిటేకు: నాది మొత్తం 110 లైనే అండి. పొట్టు బాగానే లాగుతుంది, సన్న దుమ్ము మాత్రం గాల్లో మిగిలిపోతుంది, పొద్దున కిటికీలోంచి ఎండ పడితే తెలుస్తుంది ఎంత ఉందో. కర్ర దుమ్ముని ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) 1995లోనే క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో పెట్టింది, కాబట్టి లైను ఎలా వేసినా మాస్కు తీయొద్దు.

పొట్టురాజు: అది కరెక్ట్.

శానిటరీశీను: పైపు ఏదైనా ఫిట్టింగులు చూసి కొనండి. 90 ఎల్బో వద్దు, రెండు 45 బెండ్లు, మధ్యలో చిన్న పైపు ముక్క. టీ బదులు వై, దాని కొమ్ములోంచి వచ్చే గాలి మెయిన్‌లో గాలి వెళ్లే వైపుకే ఏటవాలుగా కలవాలి. సాకెట్ (పైపు వెడల్పు చివర) మూతి ఎప్పుడూ మెషీన్ వైపే ఉండాలి, తిరగేస్తే లోపలి అంచుకి పేళ్లు తట్టుకుని ముద్ద కడతాయి. డ్రైనేజీకి వాడే డోర్ వై ఒకటి పెట్టుకుంటే జామ్ అయినప్పుడు మూత విప్పి చేత్తో లాగేయొచ్చు. సొల్యూషన్ పూయకండి, రబ్బరు రింగు పైపులే తీసుకోండి, రేపు మెషీన్ జరిపితే విప్పుకోవచ్చు.

కొత్తచిత్రిక: అయితే ప్లేనర్‌ని కలెక్టర్ పక్కకే జరిపేసి, మిగతా రెండింటికీ 110 లాగుతా. చివర్న ఫ్లెక్సిబుల్ గొట్టం ఎంత ఉంచాలి అన్నా?

శానిటరీశీను: మెషీన్ కదపడానికి ఎంత కావాలో అంతే. ఆ మడతలే చాలా గాలిని తినేస్తాయి.