పేరిత ఫోటోతో పాటు చోటు చెప్పాలా, దాచాలా?

కొండగాలి:
శేషాచలం పేరిత (బెడ్డోమ్ సైకస్) ఫోటో పెట్టినప్పుడల్లా ఇదే గొడవ. చోటు తీసెయ్యమని కొందరు, చోటు తెలియకుండా కాపాడేదెలా అని కొందరు. కడప, తిరుపతి వైపు కొండలు తప్ప ఈ మొక్కకు సొంత ఊరు లేదు. అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది. ఏం చేద్దామంటారు?

ఆకురాయి:
దాచాల్సిందే. లొకేషన్ ఆన్‌లో ఉంచి తీసిన ఫోటోలో అక్షాంశ రేఖాంశాలు ఉండిపోతాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఫైలుతోనే వెళ్తాయి. మొక్కలు, జంతువుల ఫోటోలు చోటుతో సహా నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైట్‌లో ‘అబ్‌స్క్యూర్డ్’ (మరుగుపరచినది) అని పెడితే అసలు చోటుకు బదులు 0.2 డిగ్రీల గడిలో, అంటే సుమారు 22 కిలోమీటర్ల పరిధిలో, ఎక్కడో చుక్క పడుతుంది. దాంతో పని అయిపోయిందనుకోకండి. అదే నడకలో తీసిన మామూలు పువ్వుల ఫోటోలు ఓపెన్‌గా వదిలేస్తే దారి మొత్తం బయటపడుతుంది. వెనక కొండ అంచో, వాగు మలుపో కనబడినా అంతే.

కంకిలెక్క:
ఆకురాయి గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ పేరితకు పెద్ద దెబ్బ మగ కంకుల కోత. ఇందులో మగ, ఆడ చెట్లు వేరు. మగ చెట్టుకు నడినెత్తిన నిలువుగా కంకి వస్తుంది. ఆడదానికి కంకి ఉండదు, గింజలు మోసే రెక్కలు గుత్తిగా వస్తాయి. బలానికని నాటుమందుల్లోకి కొనేది మగ కంకినే. పుప్పొడి రాలకముందే దాన్ని కోసేస్తే చుట్టుపక్కల ఆడ చెట్లకు ఆ ఏడు పనికొచ్చే గింజ ఉండదు. పైకి గింజ కట్టినట్టే కనబడుతుంది, పగలగొడితే లోపల పిండం ఉండదు. ఆకులు మాత్రం పచ్చగా, మోడు (కాండం) గట్టిగా ఉంటాయి కాబట్టి చూసినవాళ్లు అంతా బాగుందనుకుంటారు. కోసేవాళ్లకు ఆ వాలు ముందే తెలుసు, వాళ్లకు మన ఫోటోలతో పనేముంది? చోటు దాస్తే తెలియకుండా పోయేది చెట్ల లెక్క తీసేవాళ్లకే.

సెక్షన్17ఎ:
ఒక్క మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో ఇది రక్షిత మొక్కల్లో చేరింది. అడవిలో కోయడం, పీకడం, దగ్గర పెట్టుకోవడం, అమ్మడం అన్నీ నేరమే. షెడ్యూల్డ్ తెగలవారికి తాముండే జిల్లాలో సొంత వాడకానికి మినహాయింపు ఉంది. అమ్ముకోవడానికి కాదు. ‘కోసేవాళ్లు’ అని అందర్నీ ఒకే గాటన కట్టకండి.

ఆకురాయి:
కంకి సంగతి ఒప్పుకుంటున్నాను. మరి మోడుతో సహా తవ్వేవాళ్ల మాటేమిటి? వాళ్లు బయటివాళ్లు, వాళ్లకు కావలసింది చోటే. ఆకులు నరికేసి వేళ్లు కోసినా సైకస్ మోడు వారాల తరబడి బతుకుతుంది, ఎంత దూరమైనా తరలించొచ్చు. కంకి పోతే ఒక ఏడు పంట పోతుంది. మోడు పోతే దశాబ్దాల పెరుగుదల పోయినట్టే. దక్షిణాఫ్రికాలో మోడులో మైక్రోచిప్‌లు పెడితే దొంగలు వెతికి మరీ తవ్వి తీసేశారు.

కంకిలెక్క:
అయితే చోటును రెండుగా విడగొడదాం. బయట పెట్టే ఫోటోకు ‘శేషాచలం’ చాలు, అదీ కంకుల కాలం దాటాక. కచ్చితమైన చోటు అటవీ డివిజన్ కార్యాలయానికి, దాంతో పాటు మొదలు చుట్టుకొలత, ఎత్తు, మగో ఆడో, కోత గుర్తు ఉందో లేదో. దానంతటది ఎండిన కంకి గోధుమ రంగులో పక్కకు ఒరిగి అక్కడే ఉంటుంది. కోసినచోట మిగిలిన చదునైన కాడ మొండి మీద జిగురు కారి గట్టిపడి కనబడుతుంది. ఆ మొండిని దగ్గరగా తీసిన ఫోటో పది అందమైన ఆకుల ఫోటోలకంటే పనికొస్తుంది. కంకి రాని ఏడు మగో ఆడో ఊహించి రాయకండి, ‘తెలియదు’ అని వదిలేయండి.

కొండగాలి:
ఇక్కడి పాత పోస్టుల్లో చోటు చెప్పేవాటిని ఈ రాత్రే తీసేస్తున్నాను. పెట్టినవాళ్లు తమ దగ్గరున్న వివరాలు ముందే భద్రపరచుకోండి, డివిజన్ కార్యాలయానికి ఇవ్వాలిగా.