రుషికొండలో కనిపించిన లాబ్‌స్టర్: ఆర్నేటసా, వెర్సికలరా?

పటమట_డైవర్: మొన్న విశాఖ వెళ్ళినప్పుడు రుషికొండ దగ్గర డైవింగ్‌లో ఈ లాబ్‌స్టర్ ఫోటో తీశాను. ఏ రాళ్ళ గుట్టో ఫోటో కింద రాశా. రాతి సందులోంచి తల, మీసాలు, ముందు కాళ్ళే కనిపిస్తున్నాయి, తోక లోపలుంది. ఏ జాతి?

బ్రాడీపేట_మాస్టారు: ఆకుపచ్చ, నీలం కలిసిన రంగు. ఆర్నేటస్ జాతే.

అలంకార్_సెంటర్: మాస్టారూ, రంగు వదిలేసి కాళ్ళు చూడండి. ఫోటో పెద్దది చేస్తే ప్రతి కాలికీ నిలువునా తెల్లగీత. ఆర్నేటస్ కాళ్ళకి ముదురు, లేత మచ్చలు కడియాల్లా చుట్టి ఉంటాయి. నిలువు గీతలంటే వెర్సికలర్ జాతి. మీసాల మొదట్లో గులాబీ రంగు కూడా ఉంది.

కొత్తపేట_గుంటూరు: పీతకున్నట్టు పెద్ద కత్తెరలు లేవేంటి?

పటమట_డైవర్: ముళ్ళ లాబ్‌స్టర్లకి ఉండవండి.

బ్రాడీపేట_మాస్టారు: నీళ్ళలో గులాబీ రంగుని నమ్మేదేంటి? వెర్సికలరైతే తోక ప్రతి కణుపుకీ అడ్డంగా నల్లంచు తెల్లపట్టీ ఉండాలి. ఏదీ? ఒక వ్యాపారి నాకు ఆర్నేటస్ అని హోమారస్ అనే ఇంకో జాతిని అంటగట్టాడు. ఇంటికొచ్చి తడిమితే తోక మీద అడ్డంగా గాడులు, వాటి అంచులు అలలు అలలుగా. ఆర్నేటస్ తోక నున్నగా ఉంటుంది. అప్పట్నించి చేత్తో పట్టి చూడందే ఏదీ నమ్మను. మీసం పట్టి బయటికి లాగాల్సింది.

అలంకార్_సెంటర్: తోక చూడకుండా ఆర్నేటస్ అని తేల్చింది మీరే కదండీ! లాగితే మీసం తెగి చేతికొస్తుంది, కాళ్ళు రాలిపోతాయి. అది గుడ్లతో ఉన్న ఆడదైతే?

సత్యనారాయణపురం: ఇద్దరూ కాస్త శాంతించండి.

అలంకార్_సెంటర్: ఎలా శాంతిస్తానండీ? ఇదివరకు నేనిలాగే చోటుతో సహా ఫోటో పెడితే, మళ్ళీ వెళ్ళేసరికి ఆ సందుకి వల చుట్టి ఉంది. జాతి పేరు తర్వాత. ముందు ఆ గుట్ట వివరం తీసెయ్యండి.

బ్రాడీపేట_మాస్టారు: అంటే జాలర్లు దొంగలా? వాళ్ళ బతుకు వాళ్ళది. ఎగుమతికి 2003లో కనీస బరువు పెట్టారు, ఆర్నేటస్‌కి 500 గ్రాములు, హోమారస్‌కి 200. జాతి గుర్తుపట్టలేకపోతే ఆ నియమం ఎలా నిలబడుతుంది? అందుకే కచ్చితంగా తేల్చమంటున్నా.

అలంకార్_సెంటర్: ఆ జాబితాలో వెర్సికలర్ పేరే లేదు మాస్టారూ. పిల్లదాన్ని పట్టినా అడిగేవాడుండడు. నా భయం అదే.

పటమట_డైవర్: గుట్ట వివరం తీసేశాను. కాళ్ళు దగ్గరగా కనిపించే ఫోటో ఇంకోటుంది, రాత్రికి పెడతా.